కాపరి మాటకూ ఒక డోసు ఉంది



మన ప్రాంతంలో రోగి డాక్టరుగారి మాట ఒక చెవితో వింటాడు, పాదిరిగారి మాట రెండు చెవులతో వింటాడు. డాక్టర్లను తక్కువ చేయాలని ఈ మాట అనడం లేదు. ఓ.పి.లో డాక్టరుగారు ఒక రోగితో గడపగలిగేది అయిదారు నిమిషాలు. పాదిరిగారు మాత్రం ఆ ఇంటి పెండ్లి జరిపించారు, బిడ్డకు బాప్తిస్మమిచ్చారు, తాతగారిని సమాధి చేశారు. ఆ ఇంటి గుమ్మం ఆయనకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అందుకే మేము వార్డులో పదిసార్లు చెప్పినా తలకెక్కని సంగతి, అయ్యగారు ఒక్కసారి "అమ్మా, మాత్రలు మానొద్దు" అంటే ఆ ఇంటివారికి శాసనమైపోతుంది. అయ్యగారు "ప్రభువు ముట్టాడు, ఇక మందులెందుకు" అంటే అదీ శాసనమే.

ఇంత బలమున్న మాటను ఎలా వాడాలో మన సేవకులకు ఎవరు నేర్పుతున్నారు? వేదాంత కళాశాలలో ప్రసంగం తయారుచేయడం నేర్పుతారు. వాక్యభాగాన్ని విడదీసి చెప్పడం నేర్పుతారు. పడక పక్కన స్టూలు లాక్కొని కూర్చొని, మూలుగుతున్న మనిషితో ఏమి మాట్లాడాలో, ఏమి మాట్లాడకూడదో మాత్రం చాలామంది సేవలోకి వచ్చిన తరువాత తమంతట తామే నేర్చుకోవలసి వస్తోంది. అలా నేర్చుకునే కాలంలో నష్టపోయేది రోగి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అభిషేకం పొందే ముందు ప్రతి సేవకుడూ, సేవకురాలూ కొంతకాలం ఆసుపత్రి వార్డులో ఉండి మాట్లాడడం నేర్చుకోవాలి, అంతకంటే ముఖ్యంగా వినడం నేర్చుకోవాలి. ఇప్పటికే సేవలో ఉన్నవారికీ, సంఘ పెద్దలకూ, స్త్రీల మైత్రి నాయకురాండ్రకూ ఈ శిక్షణ అందాలి.

నర్సింగు విద్యార్థినికి మందుల ట్రే చేతికిచ్చే ముందు మేము అయిదు సంగతులు కంఠస్థం చేయిస్తాము. సరైన రోగి, సరైన మందు, సరైన డోసు, సరైన మార్గం, సరైన సమయం. ఈ అయిదింటిలో ఏ ఒక్కటి తప్పినా మంచి మందే కీడు చేస్తుంది. కాపరి మాట కూడా మందులాంటిదే గనుక, ఆ అయిదు సంగతులనే ఇక్కడ వరుసగా ఆలోచిద్దాం.

1. సరైన రోగి

వార్డులోకి రాగానే నేరుగా పడక దగ్గరకు వెళ్ళకుండా, ముందు డ్యూటీలో ఉన్న సిస్టరును కలవండి. "సిస్టర్, ఫలానావారిని చూడటానికి వచ్చాను, ఇప్పుడు మాట్లాడవచ్చా?" అని అడిగితే చాలు. జబ్బు వివరాలు అడగవద్దు, అడిగినా మేము చెప్పకూడదు. రోగి మెలకువగా ఉన్నాడా, దగ్గరకు వెళ్ళాలంటే మాస్కు అవసరమా, ఏదైనా పరీక్షకు తీసుకువెళ్తున్నామా అన్న సంగతులు మాత్రం చెప్పగలము.

తరువాత రోగినే అడగండి. గ్రుడ్డివాడైన బర్తిమయి కేకలు వేసినప్పుడు అతనికి ఏమి కావాలో చూసినవారందరికీ తెలుసు. అయినా ప్రభువు, నీకు ఏమి చేయాలని కోరుతున్నావని అతన్నే అడిగినట్లు మార్కు సువార్త 10వ అధ్యాయంలో చదువుతాం. ఆ ఒక్క ప్రశ్నతో, దారి పక్కన బిచ్చమెత్తుకునే మనిషికి తన సంగతి తానే చెప్పుకొనే గౌరవం దక్కింది. వార్డులో మనం ఆ గౌరవాన్ని తరచు మరచిపోతాం. పడక మీద ఉన్న మనిషిని వదిలి, కాళ్ళ దగ్గర నిలబడ్డ బంధువులతో మాట్లాడతాం. "ఎలా ఉందమ్మా ఈయనకు?" అని భార్యను అడుగుతాం. ఆయన చెవులు బాగానే పని చేస్తున్నాయి గదా!

పక్క పడకమీద ఉన్నవారినీ గుర్తుపెట్టుకోవాలి. మిషన్ ఆసుపత్రిలో అన్ని మతాలవారూ ఉంటారు. వారు వైద్యానికి వచ్చారు. అడిగినవారికి ప్రార్థన చేయండి. అడగనివారికి చిరునవ్వు, ఒక నమస్కారం చాలు. స్త్రీల వార్డుకు వచ్చేటప్పుడు అమ్మగారినో, బైబిల్ స్త్రీనో వెంట తీసుకురండి. కాన్పు సంగతులు, రొమ్ము గడ్డ, గర్భసంచి ఆపరేషన్ లాంటివి ఒక స్త్రీ మరొక స్త్రీతోనే చెప్పుకోగలదు.

2. సరైన మందు

పడక దగ్గర తరచు వినబడే మూడు మాటలు ఉన్నాయి. మొదటిది, "ఏమీ కాదు, రేపటికల్లా లేచి తిరుగుతావు." అలా చెప్పే అధికారం మనలో ఎవరికీ లేదు. రేపు లేవకపోతే రోగి మన మాటనే కాదు, మనం పట్టుకొచ్చిన దేవుని మాటను కూడా అనుమానిస్తాడు. రెండవది, "ఎక్కడో పాపం ఉంది, ఒప్పుకో." పుట్టు గ్రుడ్డివాడిని చూసి శిష్యులు ఇదే అడిగారు, ఎవడు పాపము చేశాడని. వీడూ కాదు, వీని తల్లిదండ్రులూ కాదని ప్రభువు చెప్పిన సంగతి యోహాను సువార్త 9వ అధ్యాయంలో ఉంది. మూడవది, అన్నిటికంటే ప్రమాదకరమైనది, "విశ్వాసముంటే మందులెందుకు?"

ఈ మూడవ మాట ఏమి చేస్తుందో వార్డులో ఉన్నవారికి తెలుసు. ఫిట్సు మాత్రలు హఠాత్తుగా మానితే ఆగకుండా ఫిట్సు వచ్చి ప్రాణం పోయే ప్రమాదముంది. చిన్న వయసులో షుగరు వచ్చి ఇన్సులిన్ మీద ఆధారపడిన బిడ్డకు ఇంజెక్షన్ ఆపితే కొద్ది రోజుల్లోనే స్పృహ తప్పే స్థితి వస్తుంది. టి.బి. మందులు మధ్యలో మానితే క్రిములు ఆ మందులకు లొంగకుండా మొండికేస్తాయి. బి.పి. మాత్ర మానినవారికి పైకి ఏ బాధా కనబడదు, ఒకనాడు పక్షవాతంతో తీసుకువస్తారు. హెచ్.ఐ.వి. ఉన్నవారు రోజూ మందు వేసుకొని, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తక్కువగా ఉంచుకుంటే ఆరోగ్యంగా జీవిస్తారు, సంసార జీవితంలో భాగస్వామికి కూడా సోకదు. మానితే వైరస్ మళ్ళీ పెరుగుతుంది.

మందు వేసుకోవడం అవిశ్వాసమని బైబిలు ఎక్కడ చెప్పింది? హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో పడి ఉన్నప్పుడు దేవుడు అతని ప్రార్థన విన్నాడు, మరి 15 సంవత్సరాల ఆయుష్షు ఇచ్చాడు. అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. ప్రార్థనా ఉంది, పట్టీ కూడా ఉంది. మంచి సమరయుడు గాయాలకు నూనె, ద్రాక్షారసము పోసి కట్టు కట్టాడు, పూటకూళ్ళవానికి డబ్బిచ్చి తరువాతి సంరక్షణ కూడా ఏర్పాటు చేశాడు. కాబట్టి సరైన మాట ఇది: "అమ్మా, మందు వేసుకో, మేము ప్రార్థిస్తాం. డాక్టరుగారు ఆపమనేవరకు ఆపవద్దు." స్వస్థత జరిగిందని నమ్మేవారు కూడా డాక్టరుగారికి చూపించుకొన్న తరువాతనే సాక్ష్యం చెప్పాలి. ప్రభువు బాగుచేసిన కుష్ఠరోగిని కూడా ముందు వెళ్ళి యాజకునికి కనబరచుకోమన్నాడు గదా!

3. సరైన డోసు

ఆపరేషన్ అయిన మరుసటి రోజు రోగికి దగ్గితేనే కుట్లు లాగుతాయి. అప్పుడు అరగంట ప్రసంగం, మూడు పాటలు, పది మంది ప్రార్థనలు ఎలా భరిస్తాడు? మొహమాటం కొద్దీ చేతులు జోడించుకొని ఉంటాడు, మీరు వెళ్ళాక నొప్పి ఇంజెక్షన్ అడుగుతాడు. జబ్బుపడిన మనిషికి 5 నుండి 10 నిమిషాలు చాలు. ఇద్దరికంటే ఎక్కువ మంది పడక చుట్టూ చేరవద్దు. ఒక చిన్న వాక్యభాగం, ఒక చిన్న ప్రార్థన. మళ్ళీ రెండు రోజులకు వస్తే ఆ రెండవ రాక మొదటిదానికంటే మేలు చేస్తుంది.

యోబు ముగ్గురు స్నేహితుల సంగతి ఆలోచించండి. వారు వచ్చి ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతనితో కూడా నేల మీద కూర్చున్నారు, ఒక్క మాటా పలుకలేదు. ఆ వారం రోజులు వారు మంచి పరామర్శకులే. నోరు తెరిచి, అతని కష్టానికి కారణాలు వెదకడం మొదలుపెట్టాకనే అతన్ని నొప్పించారు. మౌనం కూడా పరిచర్యే. "ఏమి చెప్పాలో తోచడం లేదు, నీ దగ్గర కూర్చోవాలని వచ్చాను" అనగలిగిన కాపరిని రోగి మరచిపోడు.

వినడానికి కొన్ని చిన్న అలవాట్లు సహాయం చేస్తాయి. నిలబడకుండా రోగి ముఖానికి సమానంగా కూర్చోవాలి. సెల్‌ఫోను సైలెంటులో పెట్టి జేబులో ఉంచాలి. "బాగున్నావా?" అంటే "బాగున్నానండి" అనే వస్తుంది. "రాత్రి ఎలా గడిచింది?" అని అడగండి, "నీ మనసులో ఎక్కువగా ఏమి తిరుగుతోంది?" అని అడగండి. జవాబు వచ్చేవరకు ఆగండి. "మా మామయ్యకు కూడా ఇదే జబ్బు వచ్చింది" అని మధ్యలో అందుకోవద్దు. రోగి చెప్పింది ముగిశాక, మీకు అర్థమైనదాన్ని ఒక్క మాటలో తిరిగి చెప్పండి: "అయితే నీకు ఆపరేషన్ కంటే పిల్లల చదువు బెంగ ఎక్కువగా ఉందన్నమాట." డాక్టరుగారు ఫోనులో మందు చెప్పినప్పుడు, పేరూ డోసూ తిరిగి చదివి సరిచూసుకోవడం మా వృత్తిలో నియమం. విన్నది సరిగ్గా విన్నామో లేదో అలాగే తెలుస్తుంది.

4. సరైన మార్గం

నోటితో మింగవలసిన మందును నరంలోకి ఎక్కిస్తే ఏమవుతుందో చెప్పనక్కర లేదు. చెవిలో చెప్పవలసిన మాటను మైకులో చెప్పినా అంతే నష్టం.

నాకు తెలిసిన ఒక సంగతి చెబుతాను. పెండ్లి సంబంధాలు చూస్తున్న ఒక అమ్మాయికి టి.బి. అని తేలింది. మందులు మొదలుపెట్టాం, నెల తిరిగేసరికి దగ్గు తగ్గి, బరువు పెరిగింది. తల్లి పాదిరిగారి దగ్గరకు వెళ్ళి, ప్రార్థించండి అయ్యగారూ అని కన్నీళ్ళతో చెప్పుకొంది. ఆదివారం ఆరాధనలో ప్రార్థన విన్నపాలు చదివేటప్పుడు ఆ అమ్మాయి పేరు, ఆమె జబ్బు పేరు రెండూ మైకులో వినబడ్డాయి. చదివినవారి ఉద్దేశం మంచిదే, ఊరంతా ఆ బిడ్డ కోసం ప్రార్థించాలని. కుదరబోతున్న సంబంధం ఆ వారమే ఆగిపోయింది. అమ్మాయి గుడికి రావడం మానింది. టి.బి. సెంటరు దగ్గర ఎవరైనా చూస్తారేమోనని మందులకు వెళ్ళడం కూడా మానింది. కొన్ని నెలల తరువాత రక్తం కక్కుకుంటూ వచ్చింది. అప్పటికి మామూలు మందులకు లొంగని టి.బి. అయింది. 6 నెలల్లో ముగియవలసిన వైద్యం మళ్ళీ మొదటినుండి, ఇంకా బలమైన మందులతో చేయవలసి వచ్చింది. ఆమె బ్రతికింది, అందుకు దేవునికి స్తోత్రం. అయితే ఆ తల్లి ఇక ఏ సేవకుని దగ్గరా ఏ సంగతీ చెప్పుకోలేదు.

ఈ రోజుల్లో మైకు ఒక్కటే కాదు, వాట్సాప్ కూడా ఉంది. ఐ.సి.యు.లో ముక్కుకు గొట్టంతో, సగం బట్టలతో ఉన్న మనిషి ఫోటో తీసి "అత్యవసర ప్రార్థన విన్నపం" అని గ్రూపులో పెడుతున్నారు. ఆ ఫోటో నాలుగు జిల్లాలు తిరుగుతుంది, మళ్ళీ వెనక్కి తీసుకోలేము. ఆ మనిషి కోలుకున్న తరువాత తన ఫోటో తానే చూసుకుంటాడు. ఆ బాధ ఎలాంటిదో ఫోటో తీసేవారు ఒక్క క్షణం ఆలోచించాలి.

చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోకి వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం, 2017 ప్రకారం, నమ్మకంతో చెప్పిన వ్యక్తి హెచ్.ఐ.వి. స్థితిని అతని సమ్మతి లేకుండా బయటపెట్టకూడదు. ఆ నియమం డాక్టర్లకూ నర్సులకే పరిమితం కాదు. చట్టం సంగతి అటుంచి, ప్రభువు మాదిరి చూడండి. చెవుడు, నత్తి ఉన్న మనిషిని ఆయన జనసమూహంలోనుండి ఏకాంతమునకు తీసుకొనిపోయి బాగుచేశాడని మార్కు 7వ అధ్యాయం చెబుతోంది. మన వార్డుల్లో పడక చుట్టూ కర్టెను ఎందుకు లాగుతామో ఆ అధ్యాయం చదివితే తెలుస్తుంది.

సంఘం ప్రార్థించవద్దా? తప్పక ప్రార్థించాలి. "మన సంఘంలో అనారోగ్యంతో ఉన్న ఒక సహోదరి కొరకు" అంటే దేవునికి ఆమె ఎవరో తెలియదా? పేరు చెప్పాలంటే ముందు ఆమెనే అడగండి. జబ్బు పేరు మాత్రం ఎప్పుడూ అవసరం లేదు.

5. సరైన సమయం

ఉదయం డాక్టర్ల రౌండ్సు జరిగేటప్పుడు, గాయానికి డ్రెస్సింగు చేసేటప్పుడు, రోగి మత్తు ఇంజెక్షన్ ప్రభావంలో ఉన్నప్పుడు పరామర్శ వద్దు. ఆపరేషన్‌కు తీసుకువెళ్ళే ముందు ఒక నిమిషం ప్రార్థన ఎంతో ధైర్యమిస్తుంది, అప్పుడు పిలిస్తే తప్పక రండి. రోగి తలపై చేయి ఉంచే ముందు, ఉంచిన తరువాత చేతులు కడుక్కోండి. ఆక్సిజన్ పెట్టి ఉన్నచోట కొవ్వొత్తి వెలిగించవద్దు, నూనె రాయవద్దు, నిప్పు అంటుకొనే ప్రమాదముంది. పచ్చి గాయం మీద కూడా నూనె వద్దు.

అన్నిటికంటే కష్టమైన సమయం చెడువార్త సమయం. క్యాన్సరు అని తేలిందనో, బిడ్డ దక్కలేదనో చెప్పవలసి వస్తే ఆ వార్త చెప్పడం డాక్టరుగారి పని. కాపరి పక్కన ఉంటే ఎంతో మేలు. క్యాన్సరు వైద్యులు 2000లో ఇందుకోసం ఆరు మెట్ల పద్ధతి ఒకటి ప్రచురించారు. ముందుగా ఏకాంతమైన చోటు చూసుకోవడం, రోగికి ఇప్పటివరకు ఏమి తెలుసో అడగడం, ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో అడగడం, తరువాత తేలిక మాటలలో కొంచెం కొంచెంగా చెప్పడం, వారి దుఃఖానికి చోటివ్వడం, చివరగా ఇప్పుడు ఏమి చేయాలో కలిసి అనుకోవడం. ఆరింటిలో మూడు మెట్లు ఎక్కేవరకు అసలు వార్త నోటినుండి రాదు. మరణ వర్తమానం తీసుకొని ఇంటికి వెళ్ళే పాదిరిగారికి కూడా ఈ వరుస ఎంతో ఉపయోగపడుతుంది.

పురుగుమందు తాగి వచ్చినవారి దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం. "ఆత్మహత్య నరకపాత్రమైన పాపం" అని పడక దగ్గర గద్దిస్తే, ఆ మనిషి సిగ్గుతో గోడవైపు తిరుగుతాడు, తన బాధ మరి ఎవరికీ చెప్పడు. "నువ్వు బ్రతికినందుకు నాకు ఎంతో సంతోషంగా ఉంది. ఏమి జరిగిందో నీకు ఇష్టమైనప్పుడు చెప్పు, నేను వింటాను" అనండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే భావించాలని చెబుతోంది. ప్రభుత్వ టెలి-మానస్ సేవ 2022 అక్టోబరు నుండి ఉంది. నంబరు 14416, ఫోను ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు ప్రతి సేవకుని ఫోనులో ఉండాలి.

ప్రసంగ వేదిక కూడా ఆరోగ్య కేంద్రమే

ఇంతవరకు చెప్పినదాన్నిబట్టి పాదిరిగారి మైకును చూసి నేను భయపడుతున్నానని అనుకోవద్దు. వ్యక్తుల జబ్బుల గురించి మైకు వద్దంటున్నాను. జబ్బుల గురించి అందరికీ తెలియవలసిన సంగతులు చెప్పడానికి అంతకంటే మంచి సాధనం ఊరిలో లేదు.

ఉదాహరణకు ఉపవాస ప్రార్థనలు. శ్రమల దినాలలో 40 రోజులు ఉపవాసముండేవారు మనలో చాలామంది. ఇన్సులిన్ గాని, షుగరు మాత్రలు గాని వాడేవారు తిండి మానితే షుగరు పడిపోయి చెమటలు పట్టి స్పృహ తప్పవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మందులు వాడుతున్న వృద్ధులు కూడా ఉపవాసం విషయంలో ముందు డాక్టరుగారిని అడగాలి. ఈ మాట ఆసుపత్రి గోడమీద అంటిస్తే ఎవరూ చదవరు. "షుగరు ఉన్నవారు సమయానికి భోజనం చేయండి, మాంసమో, టి.వి.యో, కోపమో మానండి, అది కూడా ఉపవాసమే" అని పాదిరిగారు వేదికమీదనుండి చెబితే ఆ పండుగకు మా క్యాజువాలిటీకి వచ్చేవారు తగ్గుతారు.

అలాగే రెండు వారాలు మించి దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించుకోవాలని, టి.బి. పరీక్ష, మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుందని, 2018లో నెలకు 500 రూపాయలతో మొదలైన టి.బి. రోగుల పోషకాహార సహాయం 2024 నవంబరు నుండి 1000 రూపాయలకు పెరిగిందని ఒక నిమిషంలో ప్రకటించవచ్చు. ప్రకటించేటప్పుడు ఒక వారానికి ఒక్క సంగతే చెప్పండి. పుస్తక భాషలో కాక ఇంట్లో మాట్లాడే మాటల్లో చెప్పండి. ముగించాక ముందు వరుసలోని ఒక పెద్దమ్మను "అమ్మా, నేను ఏమి చెప్పాను?" అని అడగండి. ఆమె తన మాటల్లో తిరిగి చెప్పగలిగితే గుడి మొత్తానికి అర్థమైనట్టే.

కొందరి అభ్యంతరాలు

"ఏమి మాట్లాడాలో ఆత్మ అనుగ్రహిస్తాడు, శిక్షణ ఎందుకు?" అని కొందరు అంటారు. మత్తయి 10వ అధ్యాయంలోని ఆ వాగ్దానం, విశ్వాసం నిమిత్తం అధికారుల ముందు నిలబెట్టబడినవారికి ఇచ్చింది. సిద్ధపడకుండా రోగి దగ్గరకు వెళ్ళడానికి అది అనుమతి పత్రం కాదు. ఆదివారం ప్రసంగానికి శనివారం రాత్రి కూర్చొని సిద్ధపడే సేవకుడు, ఆత్మను నమ్మలేదని ఎవరూ అనరు గదా!

"ఆసుపత్రివారు ప్రార్థనకు హద్దులు పెడుతున్నారు" అని మరికొందరు అంటారు. ప్రార్థన లేకపోతే మిషన్ ఆసుపత్రే లేదు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచినప్పటినుండి, అంతకు ముందూ తరువాతా మన జిల్లాల్లో వెలసిన మిషన్ ఆసుపత్రులన్నిటిలో వైద్యం, ప్రార్థన ఒకే వరండాలో నడిచాయి. ఓ.పి.లో వరుస కోసం ఎదురుచూసే స్త్రీల పక్కన బైబిల్ స్త్రీ కూర్చొని, కుటుంబ సంగతులు విని, ధైర్యం చెప్పేది. ఆమెకు డిగ్రీ లేదు, వినే ఓపిక ఉంది. మనం ఇప్పుడు కోరుతున్నది ఆ ఓపికనే.

"పాదిరిగారికి వంద పనులు, వార్డులో నెల రోజులు ఎక్కడ కుదురుతుంది?" అన్నది న్యాయమైన ప్రశ్నే. అయితే సంఘంలో జబ్బు, మరణం లేని వారమంటూ ఉందా? ఎక్కువగా చేయవలసిన పనినే తక్కువగా నేర్చుకుంటున్నాం.

ఏమి చేయాలి?

ఇది కొత్త ఆలోచన కాదు. అమెరికాలో ఆంటన్ బాయిసన్ అనే పాదిరిగారు 1920లో తానే మానసిక రోగిగా ఆసుపత్రిలో ఉన్నారు. కోలుకున్నాక వూస్టర్ రాష్ట్ర ఆసుపత్రిలో చాప్లిన్ అయి, 1925 వేసవిలో వేదాంత విద్యార్థులను వార్డుల్లోకి తెచ్చి శిక్షణ మొదలుపెట్టారు. పుస్తకం చదివినట్టే రోగిని శ్రద్ధగా చదవాలన్నది ఆయన భావం. ఆ బీజంనుండి వచ్చినదే నేడు క్లినికల్ పాస్టరల్ ఎడ్యుకేషన్ అని పిలిచే శిక్షణ. మన దేశంలో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల చాప్లిన్సీ విభాగం ఇలాంటి శిక్షణ ఇస్తోంది. ఇందులో విద్యార్థి రోగితో జరిగిన సంభాషణను గుర్తున్నంతవరకు మాటకు మాటగా కాగితం మీద వ్రాస్తాడు. తరువాత గురువు, తోటి విద్యార్థులు కలిసి చదువుతారు. "ఇక్కడ ఆమె ఏడ్చింది, నువ్వు వెంటనే వాక్యం చదివావు, ఎందుకు?" అని అడుగుతారు. కాగితం మీద చూసుకుంటే మన మాట మనకే వినబడుతుంది.

ఇందుకు పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. ఈ నాలుగు పనులు మన చేతిలోనే ఉన్నాయని నా నమ్మకం.

మొదటిది, వేదాంత విద్యార్థికి చివరి సంవత్సరంలో కనీసం ఒక నెల మిషన్ ఆసుపత్రి వార్డులో పని ఇవ్వాలి. అభిషేకానికి అది తప్పనిసరి చేయాలి.

రెండవది, పాదిరిగారల వార్షిక కూటములలో ఒక పూట దీనికే కేటాయించాలి. ఒకరు రోగిగా, ఒకరు కాపరిగా నటించి చూపించాలి. కాసేపు రోగిగా పడుకొని చూస్తే, పైనుండి వంగి మాట్లాడే ముఖం ఎలా కనబడుతుందో తెలుస్తుంది.

మూడవది, ప్రతి సంఘంలో ప్రార్థన విన్నపాలకు ఒక చిన్న కాగితం ఉండాలి. "పేరు చదవవచ్చా? అవును, కాదు" అని అందులో ఒక గడి ఉంటే చాలు. వాట్సాప్ గ్రూపులో రోగి ఫోటో పెట్టకూడదని సంఘ కమిటీ తీర్మానం చేయాలి.

నాలుగవది ఆసుపత్రుల పని. పరామర్శకు వచ్చిన కాపరిని సిస్టర్లు "విజిటింగ్ అవర్స్ కాదు, బయటకు వెళ్ళండి" అని గేటు దగ్గరనుండే పంపకూడదు. కూర్చోవడానికి ఒక స్టూలు, మాట్లాడటానికి ఏకాంతంగా ఒక గది, చేతులు కడుక్కోవడానికి నీళ్ళు చూపించాలి. రోగి ఒప్పుకొంటే, ఇంటికి పంపేటప్పుడు ఏయే మందులు ఎంతకాలం వాడాలో కాపరికి కూడా చెప్పాలి. నెల తరువాత ఆ ఇంటి గుమ్మం తొక్కేది మేము కాదు, ఆయనే.

ప్రియ సేవకులారా, సంఘ పెద్దలారా, మీరు వార్డులోకి వస్తుంటే రోగి ముఖంలో వచ్చే వెలుగు మేము రోజూ చూస్తాం. మా మందులతో ఆ వెలుగు రాదు. అందుకే మీ మాటను ఇంత విలువైనదిగా ఎంచి, ఇన్ని జాగ్రత్తలు చెబుతున్నాను. ఈ వారం మీ సంఘంలో జబ్బుగా ఉన్న ఒక్కరి దగ్గరకు వెళ్ళండి. తక్కువ మాట్లాడండి, ఎక్కువ వినండి, విన్నది మీలోనే దాచుకోండి, వచ్చేముందు "మందులు వేసుకుంటున్నావా?" అని ఒక్కమాట అడగండి. స్వస్థపరచు దేవుడు మీ నోటి మాటలను, మా చేతుల పనిని కలిపి ఆశీర్వదించును గాక. ఆమేన్.